దీదీని పిలిచే మనిషి

గురువారం, రాత్రి

అడాప్టర్ ప్రోటీన్ తీసేసిన రోగనిరోధక కణాలను ఈ రోజు ల్యాబ్‌లో చూశాను. రిసెప్టర్ సిగ్నల్ మొదలయ్యాక ఎంతకీ తగ్గలేదు. తగ్గించే ఎంజైమ్ ఆ కణంలోనే ఉంది, దాన్ని రిసెప్టర్ దగ్గరికి తీసుకొచ్చే ప్రోటీనే లేదు. గైడ్ సంతోషించారు. నాకు మాత్రం ఇంటికి రాబుద్ధి కాలేదు.

ట్రాఫిక్ అనే మా రైల్వే కాలనీలో, క్వార్టర్ మలుపులోనే నాన్న అరుపు వినిపించింది.

"సెప్పకుండా డ్యూటీ మార్పించుకున్నావేటిరా?"

"అన్నీ నీకు సెప్పే సెయ్యాలేటి?" అన్నయ్యా తగ్గలేదు.

అమ్మ ఉన్నప్పుడు వాళ్ళ మధ్యకు వెళ్ళేది కాదు. పెరటి గోడ దగ్గరికెళ్ళి, "దీదీ, ఎషో, చా ఖాబే" అని పక్కింటి బెంగాలీ ఆవిడను టీకి పిలిచేది. ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టగానే ఇద్దరూ సిగ్గుపడి గొంతు దించేవారు.

అమ్మ పోయాక దీదీ మా ఇంటికి రావడం లేదు. ఇవాళ టీ పెట్టి నేనే గోడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తీగ మీది బట్టలు తీస్తోంది. పిలుద్దామనుకుంటూనే గోడ మీద చెయ్యి వేసి నిలబడిపోయాను. ఈలోగా అన్నయ్య తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయాడు.

మళ్ళీ గోడ అవతలికి తల తిప్పి చూశాను. బట్టలన్నీ తీసేసినా దీదీ లోపలికి వెళ్ళలేదు. వాటిని భుజాన వేసుకుని మా గుమ్మం వైపే చూస్తోంది.