ఆటస్థలానికి తాళం

సిరీ,

మీ బడి ఆటస్థలాన్ని ఇప్పుడు చూస్తే నువ్వు గుర్తుపట్టవు. పల్లేరు ముళ్లన్నీ పీకేసి, ఎర్రమట్టి తోలి చదును చేశారు. కొత్త జారుడుబల్ల పెట్టారు. రోడ్డు వైపు నా తలకంటే ఎత్తుగా గోడ కట్టారు. ఆ రోజు అక్కడ ఏ అడ్డూ లేదు. బంతి రోడ్డు మీదికి దొర్లితే నువ్వు దాని వెనకే వెళ్లావు. పిడుగురాళ్ల వైపు నుంచి సున్నపురాయి లారీ వచ్చింది.

నేనింకా అక్కడే పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతున్నాను.

పని అయిపోయి చానా రోజులైంది. ఎవరో పెద్దాయన వచ్చి రిబ్బన్ కత్తిరించాలట, అందాకా గేటుకి తాళం వేశారు. బడి వరండా దిగితే రోడ్డే. పిల్లలు అన్నం తిని మళ్లీ ఆ రోడ్డు మీదే ఆడుతున్నారు. హెడ్మాస్టరు గారిని అడిగితే, "రేపో మాపో వస్తారు, ఓపిక పట్టమ్మా" అంటారు.

ఇవాళ అన్నం వడ్డిస్తుంటే లారీ హారన్ వినిపించింది. గరిటె పక్కన పడేసి, ఆటస్థలంలోకి ఉన్న వంటగది వెనక తలుపు బార్లా తీశాను.

"ఒరేయ్, ఇటు రండిరా అందరూ" అని కేకేశాను.

హెడ్మాస్టరు గారు పరుగున వచ్చారు. "ఏంది కోటమ్మా, ఎవర్నడిగి తీశావు? రేపు పైవాళ్లకి నేనేం చెప్పాలి?"

"నేను తీశానని చెప్పండి సారూ."

పిల్లలు మా పక్కనుంచే ఆటస్థలంలోకి పరిగెత్తారు.

అప్పుడే ఒక పిల్ల బంతిని గట్టిగా తన్నింది. అది రోడ్డు వైపే వెళ్లింది. గోడకి తగిలి వెనక్కి వచ్చింది.

అమ్మ