నాలుగో ప్రశ్న

శుక్రవారం, పద్నాలుగో తేదీ
మధ్యాహ్నం భోజనాల గంట కొట్టాక

నా సుద్దముక్కకు,

నాన్న నిండు మనసుతో దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ క్షేమం, నా గంటా క్షేమం. అక్కడ నువ్వూ, నీ పిల్లలూ, రోజంతా అరిచి అరిచి బొంగురుపోయే నీ గొంతూ క్షేమమని తలుస్తాను. మూడు రోజులుగా ఒక కబురు చెబుదామని ఫోను చేస్తుంటే ఎత్తడం లేదు. పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నావు కాబోలు. సరేలే, ఫోనులో అయితే సంతోషానికి నాకు మాట తడబడుతుందని స్టోరు గదిలో కూర్చుని కాగితం పట్టాను. స్టాఫ్‌రూము కుర్చీలు నాలుగు ఇక్కడికి వచ్చి చేరాయి, ఎందుకో మరి. చేతులున్న కుర్చీలో దర్జాగా కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే నవ్వకు. ఎర్ర పెన్ను అసలే తియ్యకు.

అమ్మా, మీ నాన్న పాసయ్యాడు! ఇరవైకి ఇరవై!

నీకు సగం తెలిసిందే అయినా మొదటినుంచీ చెబుతాను, చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది. మన కరస్పాండెంటు గారు ఇక్కడి బడికీ, నీ బడికీ, మిగతా బడులన్నిటికీ కలిపి ఒకే ఆన్‌లైన్ పాఠం కొనాలనుకున్నారు కదా. మూడు కంపెనీల వాళ్లు మూడు రకాలు తెచ్చి పెట్టారు. ఏది మంచిదో చెప్పమంటే మాస్టర్లు తలో మాటా అన్నారట. అప్పుడాయన, వరండాలో నీళ్ల క్యాను మోస్తున్న నన్ను చూపించి, మన గంటల తాత ఐదో తరగతి దాటలేదు, ఆయనకు భిన్నాలు ఏది నేర్పితే అదే కొందాం, ఆయనకు వచ్చిందంటే గోడకైనా వస్తుంది అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ గదుల్లోకి చీపురుతోనో రిజిస్టరుతోనో వెళ్లినవాణ్ణి, బెంచీ మీద కూర్చోవడానికి వెళ్తుంటే నవ్వు రాదా మరి?

మొదటిది ఎర్ర తెరది. దానికి బొత్తిగా ఓపిక లేదు. తప్పు నొక్కితే చాలు, బుర్రుమంటుంది. లెక్కల మాస్టారు పక్కన నిలబడి, అక్కడ కాదు తాతా, ఇక్కడ తాతా అంటూ చివరికి ఆయనే నొక్కేశారు. రెండోది నీలంది. అది మరీ విడ్డూరం. ఒప్పయినా చప్పట్లే, తప్పయినా చప్పట్లే. ఊరికే పొగిడేవాళ్లను నమ్మకూడదని మీ అమ్మ అనేది కదా, నేను నమ్మలేదు. మూడోది ఆకుపచ్చది. అందులో ఒక ఆడగొంతు తేనె పూసినట్టు మాట్లాడుతుంది, ఎంతసేపైనా విసుక్కోదు. కానీ మూడో వంతుకంటే నాలుగో వంతు ఎందుకు చిన్నదో అదీ చెప్పలేకపోయింది. ఒక గుండ్రం, దాంట్లో గీతలు, మళ్లీ అదే గుండ్రం, అవే గీతలు. మూడుకంటే నాలుగు పెద్దది కదమ్మా అని నేను, మరోసారి ప్రయత్నించండి అని అది.

సోమవారం సాయంత్రం నీకు ఫోను చేసి, నాది మట్టిబుర్ర తల్లీ, రేపు పరీక్షలో పరువు పోతుంది అన్నాను గుర్తుందా? నువ్వు, నాన్నా, పొద్దుటిపూట మూడు పీరియడ్లు ఉన్నచోట నాలుగు పెట్టమంటే ఏం చేస్తావు అని అడిగావు. ఏముంది, ఇంకో గంట ఎక్కువ కొడతాను అన్నాను. మరి అప్పుడు ఒక్కో పీరియడు పెరుగుతుందా, తగ్గుతుందా అన్నావు.

ఫోను చెవి దగ్గర పెట్టుకునే లేచి నిలబడిపోయాను తల్లీ. ముప్పై ఎనిమిదేళ్లుగా నా చేత్తో నేను భిన్నాలే కొడుతున్నానా! చిన్నప్పుడు నా జేబులో సుద్దముక్కలు ఏరుకుపోయి తలుపుకు పాఠాలు చెప్పేదానివి. ఆ తలుపు ఎంత అదృష్టం చేసుకుందో నాకు ఆ సాయంత్రం తెలిసింది.

మంగళవారం, చివరిదైన ఆకుపచ్చదాని పరీక్షలో, అది అడిగినవన్నీ టకటకా చెప్పేశాను. కరస్పాండెంటు గారు నా భుజం తట్టి పక్కన నిలబెట్టుకుని ఫొటో తీయించుకున్నారు. తర్వాత ఫారం ఇచ్చారు. ఒక్కోదానికి ఐదేసి ప్రశ్నలు. అక్షరాలు కనిపించాయా, గొంతు వినిపించిందా, అలాంటివి. నాలుగో ప్రశ్న, టీచరు సాయం అవసరమైందా అని. ఎర్రదానికి అవును అని పెట్టాను, మాస్టారు పక్కనే ఉన్నారు మరి. ఆకుపచ్చదానికి లేదు అని టిక్కు పెట్టాను. ఒక్కటీ అబద్ధం రాయలేదు.

స్టాఫ్‌రూములో మాత్రం నన్ను చూసి మాటలు ఆపేస్తున్నారు. లెక్కల మాస్టారైతే, నీ పుణ్యమా అని మాకు ఇక తీరికే తీరిక తాతా అన్నారు. మంచిమాటే అన్నారు గానీ మొహంలో నవ్వు లేదు. నాకు పేరొచ్చిందని ఓర్వలేకపోతున్నారేమో, పాపం.

అసలు సంగతి విను. కరస్పాండెంటు గారు, మీ అమ్మాయి కూడా మన దగ్గరే టీచరు కదూ అని అడిగారు. అవునండీ, ఆరేళ్లుగా టెంపరరీ, ఏటా వేసవి వస్తే గుండె చేత్తో పట్టుకుని కూర్చుంటుంది అన్నాను. ఆయన తలూపి కాగితం మీద ఏదో రాసుకున్నారు. నా కళ్లతో చూశాను. నీ పర్మినెంటు ఆర్డరు ఈసారి తప్పదు తల్లీ! ఇన్నేళ్లకు మీ నాన్న నీకు పనికొచ్చాడు.

తీరిక చూసుకుని ఒక్కసారి ఫోను ఎత్తు.

ఇట్లు,
నీ కొత్త విద్యార్థి,
నాన్న

తా.క. కవరు అంటించబోతుంటే పెద్ద టీచరమ్మ గారు పిలిచి, బోర్డుకు పెట్టమని ఒక కాగితం ఇచ్చారు. నాలుగు మూలలా పిన్నులు గుచ్చాక చదివాను. టీచరు సాయం లేకుండానే నేర్పుతుందని రుజువైంది కాబట్టి అన్ని బడులకూ ఆకుపచ్చదే కొన్నారట. టెంపరరీ టీచర్లు తొమ్మిదిమంది ఈ నెలాఖరు దాకానేనట. లెక్కల మాస్టారి పేరు రెండోది. నీది ఐదోది. మీకందరికీ మంగళవారం సాయంత్రమే చెప్పేశారట. నువ్వు ఫోను ఎందుకు ఎత్తడం లేదో తెలిసింది.

వెళ్లి టిక్కు మార్చమని బతిమాలాను. నాకు నేర్పింది అది కాదండీ, మా అమ్మాయి అన్నాను. కరస్పాండెంటు గారు జాలిగా చూసి, కన్నతండ్రివి, ఇప్పుడు అలాగే అంటావులే తాతా అన్నారు. లెక్కల మాస్టారు నన్ను కూర్చోమని కుర్చీ జరిపారు. తిట్టినా బాగుండేది.

పైన రాసిందంతా చింపేద్దామనుకున్నాను. ఆ సంతోషం నువ్వు పెట్టిందే, చింపడానికి చెయ్యి రాలేదు.

ఆ ప్రశ్నలో టీచరు అని ఉందమ్మా. నువ్వు టీచరువని నాకు తోచలేదు. కూతురి సాయం అవసరమైందా అని అడిగి ఉంటే, అవును అనే పెట్టేవాణ్ణి.