గొడుగు, తాళం, కోడిపిల్ల

చిట్టెలుక వాళ్లమ్మకు,

ఇక్కడ నేనూ పాపా ఒంట్లో బాగానే ఉన్నాం. ఆ సొరంగం పనిలో, దుమ్ములో, చలిలో నువ్వెలా ఉన్నావోనన్నదే నా దిగులు. సరుకుల బండి కొండ దిగడం ఆలస్యమైందేమో, నీ ఉత్తరం నలిగి, ఒక మూల తడిసి వచ్చింది. అయినా ఒక్క అక్షరం పోలేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి కారడం ఆగింది. నేనే బిగించాను, అందుకే ఇప్పుడు దాన్ని తిప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి. కింది వాటా టైలరుగారు నీ కోటు భుజాలు సరిచేసి ఇచ్చారు. "ఇంజనీరమ్మ ఎప్పుడొస్తారు?" అని రోజూ అడుగుతారు. ఆయన దృష్టిలో నేను ఇంట్లో ఉన్నా లేనట్టే. పాప జుట్టు కత్తిరించింది కూడా నేనే. ఫోటో పంపమన్నావు, కాస్త పెరగనీ, పంపుతాను.

ఇక నీ చివరి ప్రశ్న, పాప మాటలు ఇంకేం నేర్చిందీ అన్నది. దానికి జవాబు రాయడానికే కూర్చున్నాను. ఇంతవరకూ రాసిందంతా గొంతు సవరించుకోవడమే.

పిల్లల ఎదుగుదల కేంద్రంలో నా పని నీకు తెలిసిందే. చెక్కపెట్టెలోంచి ఎర్ర దిమ్మలూ గిలక్కాయా బొమ్మల పుస్తకమూ తీసి పసిపిల్లల ముందు పెట్టడం, వాళ్లేం చేస్తారో చూసి రాసుకోవడం. తల్లిదండ్రులకు నేనిచ్చే ఉపన్యాసం నీకూ కంఠతా వచ్చు. పసిమెదడు ఊరికే మాటలు వింటే చాలదనీ, మాటకు మాట బదులు దొరికినప్పుడే బాగా ఎదుగుతుందనీ, ఈమధ్య పరిశోధనలు ఆ వైపే చూపిస్తున్నాయనీ, ఆలస్యం కనిపిస్తే సాయం ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలనీ చెబుతాను. చివర్లో ఒక హెచ్చరిక. "పరీక్షలో అడిగేవి ఇంట్లో నేర్పించి తీసుకురాకండి. దాంతో మోసపోయేది మేం కాదు, మీ బిడ్డ." ఆ మాట అన్నప్పుడల్లా కళ్లజోడు తీసి తుడుచుకుంటానని నువ్వు వెక్కిరించేదానివి.

పాప వెనకబడుతోందని నువ్వు వెళ్లిన కొత్తలోనే నాకు తెలిసింది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. ఏదైనా కావాలంటే వేలు పెట్టి చూపించదు, ఏడుస్తుంది. వేరేవాళ్ల బిడ్డయితే ఆ పూటే పిలిచి చెప్పేసేవాణ్ణి. నా బిడ్డ కాబట్టి చూపు తిప్పుకున్నాను. పదిమందికి బుద్ధులు చెప్పేవాడి ఇంట్లోనే ఇలా అయితే కేంద్రంలో తలెత్తుకునేదెలా అనిపించింది. అంటే ముందుగా నాకొచ్చిన బెంగ పాప గురించి కాదు, నా పరువు గురించి. ఇది రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కేంద్రంలో అంచులు అరిగిపోయిన పాత పరీక్ష పెట్టె ఒకటి, లోపలి బొమ్మల పుస్తకంతో సహా, పారేయడానికి పక్కన పెట్టారు. దాన్ని ఇంటికి తెచ్చాను. పిల్ల ఆడుకుంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ సాయంత్రాలు నేల మీద కూర్చుని నేను ఆడించింది ఆట కాదు. పేజీ తిప్పడం, "ఇదేంటి?" అనడం, చెబితే ఎత్తుకుని గిరగిరా తిప్పడం. గొడుగు, తాళం, కోడిపిల్ల, చెంచా. పాపం, బుద్ధిగా నేర్చుకుంది.

సొంత బిడ్డను మేం పరీక్షించకూడదు కాబట్టి పాప పరీక్షకు మా సీనియర్ మేడమ్ కూర్చున్నారు. మొదటి పేజీ తెరవగానే పాప "గొడుగు" అంది. ఆవిడ పేజీ తిప్పబోతుంటే, ఇంకా తిప్పకముందే, "తాళం" అంది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూశారు.

"ఈ పుస్తకం ఇంతకుముందు చూసిందా?"

"లేదండీ, ఇంట్లో ఇలాంటిదే ఒకటుంది" అన్నాను. పైగా నవ్వాను.

ఆవిడ నన్ను నమ్మారు. వయసుకు తగ్గట్టే ఉందని రాశారు. నీకు నేను గొప్పగా రాసిన కబురు అదే. పాపకు సాయం అందాల్సిన నెలలు ఆ అబద్ధం కింద పడి పోయాయి.

పోయిన వారం పాప వేళ్లు బీరువా తలుపు సందులో పడ్డాయి. నేను పక్క గదిలో బట్టలు మడతపెడుతున్నాను. ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి నా ముందు నిలబడింది. వేళ్లు చూపించలేదు. నా ముఖంలోకి చూస్తూ, వెక్కిళ్ల మధ్య, "గొడుగు, తాళం, కోడిపిల్ల, చెంచా" అని అప్పజెప్పింది. నాన్న ఎత్తుకోవాలంటే అవి చెప్పాలని నేర్పింది నేనే కదా. కమిలిన వేళ్లు నేనే వెతికి చూసుకోవలసి వచ్చింది.

మర్నాడు మేడమ్‌కి అంతా చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు.

"మిమ్మల్ని నమ్మి ఆ రోజు పేజీ తిప్పాను. పైవాళ్లకి చెప్పక తప్పదు" అన్నారు. "అది మీ సంగతి. పాప సంగతి వేరు. రేపే తీసుకురండి."

నన్ను పరీక్షల గదిలోంచి తీసి సామాన్ల గదికి మార్చారు. ఉద్యోగం ఉంటుందో లేదో ఇంకా తేలలేదు. ఆ పుస్తకంతో పాపని ఇక పరీక్షించడం కుదరదు, దాన్ని చెడగొట్టింది నేనే. చెవులు చూశారు, బాగానే వినిపిస్తోంది. ఆడుకుంటుంటే గమనించారు. ఆలస్యం ఉందన్నారు, ఎందుకన్నది తేలడానికి టైము పడుతుందన్నారు. నువ్వు దూరంగా ఉండటం వల్ల కాదు, అది మాత్రం మనసులో పెట్టుకోకు. ఈ వయసు దాటితే అన్ని తలుపులూ మూసుకుపోవనీ, మెదడు మారుతూనే ఉంటుందనీ మేడమ్ చెప్పారు. నేను ఎందరికో చెప్పిన మాటే. ఎదుటి కుర్చీలో కూర్చుంటే వేరేగా వినిపిస్తుంది. మాటలు నేర్పే అమ్మాయి నాకు పెట్టిన మొదటి నియమం "ఇదేంటి" అని అడగకపోవడం. కింద కూర్చుని, పాప ఏం చేస్తుందో చూసి, దానికి మాత్రమే బదులివ్వాలి. నోరు మూసుకుని కూర్చోవడం ఇంత కష్టమని తెలియదు.

ఇంకొకటి మిగిలింది. ఇందాకటి నుంచీ దాని చుట్టూనే తిరుగుతున్నాను. పాప "అమ్మ" అంటోందని నీకు రాశాను. ఆ ఉత్తరం అందిన రోజు సొరంగంలో అందరికీ చెప్పాననీ, మీ మేస్త్రీ అందరికీ టీ పోయించాడనీ రాశావు. అది చదివాక నిజం రాయడానికి చెయ్యి రాలేదు. ఆ పుస్తకంలో చెంచా తర్వాతి పేజీలో ఒక ఆడమనిషి బొమ్మ ఉంటుంది. పాప "అమ్మ" అన్నది ఆ బొమ్మని. నీ ఫోటో చూపిస్తే ఏమీ అనలేదు. నీకిచ్చిన ఆ ఒక్క మాటనూ ఇప్పుడు నేనే లాక్కుంటున్నాను. నువ్వు ఎంత తిట్టినా పడతాను.

సెలవు దొరకగానే రా. వచ్చాక "అమ్మ అను" అని మాత్రం అడక్కు, నిన్ను బతిమాలుకుంటున్నాను.

నిన్న పాప నీ పాత పసుపుపచ్చ హెల్మెట్‌ని చెప్పుల అర మీద నుంచి లాగి, రెండు చేతులా మోసుకొచ్చి నా ఒళ్లో పెట్టింది. నా ముఖం చూసింది, వీధి తలుపు వైపు చూసింది, మళ్లీ నా ముఖం చూసింది. "అవునమ్మా, అమ్మది. అమ్మ పనికెళ్లింది, వస్తుంది" అన్నాను. హెల్మెట్ తీసుకెళ్లి తలుపు దగ్గర పెట్టి, దాని పక్కనే కూర్చుంది.

ఇది నేను నేర్పింది కాదు.

ఇట్లు,
చిట్టెలుక నాన్న