డ్రైవరు వైపు తాళం

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ అత్తయ్య, చిన్నది, నేను ముగ్గురం బాగానే ఉన్నాం. ఆ సొరంగం పనిలో మీరూ ఏ గాయమూ లేకుండా ఉన్నారనే నమ్మకంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాలు కాస్త నయం. మెట్లు దిగేటప్పుడు మేం చూస్తుంటే మూలుగుతారు, చూడకపోతే చకచకా దిగిపోతారు. చిన్నదానికి ముందు పన్ను ఊడింది. మీరు వచ్చేలోగా కొత్తది మొలిచేస్తే బోసినోరు మీకు చూపించలేనని దాని దిగులు. లాడ్జీల దుప్పట్ల పని ఆగలేదు. లాండ్రీ దగ్గర మూటలు ఎక్కించుకోవడం, లాడ్జీల్లో దించడం. మన పాత పికప్పు బండి ఇప్పుడు నా మాట వింటోంది. నేను వెనక్కి తీస్తుంటే మాత్రం లాడ్జీ వాచ్‌మన్ ఇంకా గోడకి అతుక్కుపోతూనే ఉన్నాడు.

ఇక తలుపుల తాళాల సంగతి. "లాకులు బాగుచేయించావా?" అని అడిగారు. మీరు వెళ్లాక అవి మరీ మొండికేశాయి. తాళంచెవి దూరితే తిరిగేది కాదు, తిరిగితే బయటికి వచ్చేది కాదు. ఉతికిన దుప్పట్ల మూట భుజాన పెట్టుకుని, వానలో ఆ తలుపుతో కుస్తీ పట్టాల్సి వచ్చేది. చివరికి తాళాలు బాగుచేసే ఆయన దగ్గరికి బండి తీసుకెళ్లాను. డ్రైవరు వైపు లాకులోకి సన్నటి తీగ పెట్టి లాగితే నల్లటి జిగురు వచ్చింది.

"ఇందులో ఏం పోశారమ్మా?" అన్నాడు.

ఏం పొయ్యలేదో అడగాలి గాని! మీరు ఉన్నప్పుడు ఇంజనాయిల్ పోసేవారు. మీరు వెళ్లాక నేను కుట్టుమిషను నూనె పోశాను. అత్తయ్య నాకు తెలియకుండా వంటనూనె పోశారట, అది మొన్న ఒప్పుకున్నారు. ఆ నూనెలన్నీ దుమ్ము పీల్చుకుని లోపల గడ్డకట్టాయి. ఇంట్లో ముగ్గురం ఒకరికి చెప్పకుండా ఒకరం వైద్యం చేశాం. ఆయన జిడ్డు వదిలే మందు లాకులోకి చిమ్మి మురికంతా కడిగాడు. తడి ఆరాక, పెన్సిల్ లోపలి నల్లటి పుల్లను పొడిచేసి లోపలికి ఊదాడు. తాళంచెవిని పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి నా చేతికిచ్చాడు. వెన్నలో తిప్పినట్టు తిరిగింది.

ఇంతవరకూ రాసింది నిజమే. కాని మిగతాది రాయడానికి ఇందాకటి నుంచీ చెయ్యి ఆడటం లేదు.

ఆ రోజు మీ ఉత్తరం నా సంచిలో ఉంది. ఈసారి మీ సెలవుని అక్కడ మీ పక్క మంచం అతనికి వదిలేశానని, అతని భార్యకి నెలలు నిండాయని రాశారు. నన్ను ఒక్క మాట అడగలేదు. నేను దారి చూడబట్టి ఎన్నాళ్లయిందో మీకు తెలియదా? పైగా గోరుచుట్టు మీద రోకలిపోటులా, కింద ఇంకో ముక్క. 'బండి తాళంచెవి నా జేబులోనే ఉంది. తడుముకుంటే మన వాకిట్లో ఉన్నట్టుంటుంది' అని. తడుముకుని సరిపెట్టుకునే మనిషి ఇంక రావడం ఎందుకు అనిపించింది. కోపం నషాళానికంటింది.

"ఈ లాకు తీసేసి కొత్తది వెయ్యండి" అన్నాను.

"బాగైపోయింది కదమ్మా. కొత్తదానికి ఈ తాళంచెవి పట్టదు. ఇంజనుకొకటి, తలుపుకొకటి పెట్టుకు తిరగాలి."

"పట్టకూడదనే అడుగుతున్నాను."

ఆయన నా మొహం చూసి స్క్రూడ్రైవరు అందుకున్నాడు. అవునండీ, ఎప్పుడో ఒకనాడు మీరు వచ్చి, ఆ తలుపు ముందు నిలబడి, తిప్పి తిప్పి, అది తెరుచుకోక దిక్కులు చూడాలని కోరుకున్నాను. ఇలాంటిది నా మనసులో పుట్టిందంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

ఇంటికొచ్చాక అత్తయ్య నా చేతిలో రెండు తాళంచెవులు చూశారు. దాచకుండా అంతా చెప్పేశాను.

"అయితే వాడి దగ్గరున్నది పనికిరాదా?"

"ఆ తలుపుకి రాదండీ."

"వాడు బస్సు దిగి ముందు బండి దగ్గరికే పోతాడే అమ్మాయ్. నువ్వూ నేనూ తర్వాతే. పాపం, తియ్యబోతాడు."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు దుప్పట్లు సగంలో వదిలేసి పరుగెత్తాను. పాత లాకే మళ్లీ బిగించమన్నాను. పాత ఇనుము కొనే అతను అప్పటికే పట్టుకుపోయాడట. కొత్తదాన్నే పాత తాళంచెవికి సరిపెట్టమంటే, ఈ రకానికి కుదరదన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. మీరు ఎన్నేళ్లుగానో తెరిచిన తలుపది, నా నోటితో పీకించేశాను. నన్ను క్షమించండి.

సెలవు వదులుకున్నందుకు కోపం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. ఆ అమ్మాయికి సుఖంగా కాన్పు అయిందో లేదో మాత్రం రాయండి.

నిన్న ఆ జిడ్డు వదిలే మందు సీసా కొని, రెండో వైపు తలుపుకున్న పాత లాకు నేనే కడిగాను. చిన్నదాని పెన్సిల్ ఒకటి బలైంది. అత్తయ్య నూనె గిన్నెతో రెండుసార్లు వచ్చారు, రెండుసార్లూ వెనక్కి పంపాను. చీకటి పడేవేళకి అదీ రెండు వేళ్లతో తిరిగింది.

అందుకని, వచ్చినప్పుడు డ్రైవరు తలుపు దగ్గర ఆగకండి. ముందు నుంచి చుట్టూ తిరిగి అటువైపు రండి. ఆ తలుపుకి మీ తాళంచెవి పడుతుంది. ఎక్కి కూర్చోండి. నేను వచ్చి నడుపుతాను.

ఇట్లు,
మీ ఇంటావిడ