టోలు రోడ్డు ఎక్కనివ్వని మిస్డ్ కాల్

రవాణా శాఖ, లైసెన్సుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా మనవడి లారీ లైసెన్సు రద్దు చేయరాదనియు, మొన్నటి విచారణలో ఎవరూ చెప్పని సంగతి ఒకటి నా నోట వినవలెననియు మనవి.

మొన్న విచారణ ముగిశాక తమరు నాతో "కుర్రాడు తొందరపడి అడ్డదారి పట్టాడమ్మా" అని సెలవిచ్చారు. దయచేసి సవరించుకోగలరు. టోలు రోడ్డు కన్నా పాత రోడ్డు చాలా దూరం, పైగా గుంతలు. తొందరలో ఉన్నవాడు దూరపు దారి పట్టడు. లెక్కలు చెప్పి రిటైరైన టీచరును, ఈపాటి నాకు తెలుసు.

1. సదరు మనవడు సిమెంటు లోడుతో పాత రోడ్డున పోతూ, వానలో మలుపు దగ్గర లారీ జారి, ఒక మంగలి దుకాణం ముందుగోడ కూల్చిన మాట వాస్తవం. సగం గడ్డంతో ఒక పెద్దమనిషి సబ్బు నురగతో సహా వీధిలోకి పరుగెత్తిన మాటా వాస్తవమే. ఎవరికీ దెబ్బ తగలలేదు. గోడ సంగతి మేము కాదనడం లేదు. ఆ రోడ్డున ఎందుకు పోయాడన్నదే ప్రశ్న.

2. వాడు పనిచేసే లారీ కంపెనీ ఆఫీసులో "డ్రైవర్ల భద్రతే మా లక్ష్యం, టోలు రోడ్లనే వాడండి" అని అద్దాల ఫ్రేములో బోర్డు ఉన్నది. తమరు దాని ఫొటో చూసి తృప్తిపడ్డారు. ఆ బోర్డు వచ్చేపోయేవాళ్ళ కోసం. డ్రైవర్లకు వేరే రూలు ఉన్నది, అది గోడ మీద ఉండదు. టోలు గేటుకు ముందు లారీ పక్కన ఆపి మేనేజరుకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఆయన తిరిగి చేస్తే టోలు రోడ్డు ఎక్కవచ్చు. చేయకపోతే పాత రోడ్డు. కాదని ఎక్కితే జీతంలో కోత. ఇందులోని సౌలభ్యం తమరు గమనించాలి: రేపు ఏం జరిగినా, వద్దన్నవాడు ఎవడూ ఉండడు.

3. ఇదంతా ఈ ముసలమ్మకెలా తెలుసునని తమకు సందేహం రావచ్చును. సదరు మేనేజరు నా చిన్నకొడుకు. నా పెద్దకొడుకు పోయాక వాడి పిల్లాణ్ణి చేరదీసి, స్టీరింగు పట్టడం నేర్పి, కంపెనీలో పెట్టించింది వీడే. ఆ రూలు కూడా మా ముందుగదిలో నా ఎదుటే చెప్పాడు: "ఒక్క రింగిచ్చి పెట్టెయ్‌రా. నేను చేస్తే ఎక్కు, లేకపోతే లేదు. మెసేజ్ మాత్రం చచ్చినా పెట్టకు."

4. ప్రమాదం జరిగిన రోజు నా చిన్నకొడుకు వంటింట్లో భోంచేస్తున్నాడు. ఫోను ఒకసారి మోగి ఆగింది. చూసి బోర్లా పెట్టాడు.

"ఎవర్రా?"

"మనవాడేలేమ్మా. టోలు గేటు దగ్గరికొచ్చుంటాడు."

"బయట వాన చూశావా? తిరిగి చెయ్యరాదూ?"

"ఈ నెల టోలు ఖర్చు ఎక్కువైందని ఓనరు ఒకటే గోల. కాస్త కూర వెయ్యి."

వేశాను.

5. తమ ఎదుట మాత్రం, "వాడు ఇంటి పనులకి రోజూ మిస్డ్ కాల్సిస్తుంటాడు సార్. దారి గురించి నన్నసలు అడగలేదు" అన్నాడు. వెనక బెంచీ మీది నుంచి నేను లేవబోతే మనవడు చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. ఇంటికొచ్చి కొడుకునడిగాను.

"వాడికి వయసుందమ్మా, ఇంకో పని దొరుకుతుంది. ఈ వయసులో నన్నెవడు పెట్టుకుంటాడు?"

"లైసెన్సు లేని డ్రైవర్ని ఎవడు పెట్టుకుంటాడ్రా?"

"నువ్వూరుకో అమ్మా."

మనవడేమో, "వదిలెయ్ నాన్నమ్మా. బాబాయే లేకపోతే నేనెక్కడుండేవాణ్ణి?" అంటాడు. ఇంత జరిగినా వాడి నోట బాబాయ్ అన్న మాట మునుపటిలాగే వస్తోంది. నాకు అన్నిటికన్నా అదే భరించరాకుండా ఉన్నది.

6. కావున విచారణ తిరిగి తెరిచి, నన్ను సాక్షిగా పిలిపించ ప్రార్థన. నా కొడుకు అబద్ధమాడాడు. ఆ రూలు మాత్రం వాడు పుట్టించినది కాదు, కంపెనీది. కనుక ఓనరు గారినీ పిలిపించి, ఆ బోర్డును ఆయన చేతనే పైకి చదివించండి. ఇక నా మాట నమ్మవచ్చునా అంటారా, ఈ సాక్ష్యం వల్ల నాకు ఒరిగేదేమిటో తమరే ఆలోచించండి.

ఇంతకు మించి రాయడానికి చెయ్యి రావడం లేదు గనుక, రాసినంత వరకు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
డ్రైవరుకు నాన్నమ్మ, మేనేజరుకు తల్లి

తా.క.: నా నోటీసు ఇంటికి పంపవద్దు. అందరం ఒకే ఇంట్లో ఉంటాం, టపా అందుకునేది చిన్నకోడలు. నేను సాక్ష్యం చెప్పబోతున్నానని నా కొడుకు కవరు చూసి తెలుసుకోకూడదు. ఆ మాట వాడికి నేనే చెప్పాలి. మా పక్క వీధిలో మెట్ల కింద కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ ఉంది, ఆమెకిమ్మనండి. చెవుడు, పిలిస్తే వినపడదు. మీ బంట్రోతును మిషను ఆగేదాకా నిలబడి చేతికే ఇమ్మనండి. బల్ల మీద పెట్టి వస్తే గుడ్డల్లో కలిసిపోతుంది.