ఎనభై ఎనిమిదో నంబరు సమాధికి మనుషులున్నారు

షోర్‌బులాక్ పట్టణ సౌకర్యాల విభాగాధిపతి గారికి,
పాత యూదుపేట మూడో సందు కాపురస్థుడు, రెండో నంబరు సెలూన్‌లో బార్బరు, ఇరవై రెండేళ్ల నేర్యా బొరుఖోవ్ వ్రాసుకొన్న అర్జీ.
తేదీ: 1988 అక్టోబరు 17

అయ్యా,

విషయం: యూదుల పాత శ్మశానంలో 88వ నంబరు సమాధికి "బంధువులు లేరు" అని తమ కార్యాలయం వ్రాసిన వ్రాతను కొట్టివేయుట గురించి, కొట్టివేయని పక్షంలో మిగతా 213 సమాధుల గురించి కూడా.

1. ఆగస్టు నెలాఖరున తమరు అంటించిన నోటీసు ప్రకారం, సదరు శ్మశానం తూర్పు భాగంలో బస్సు డిపో కట్టబోతున్నారు. అక్కడున్న 214 సమాధుల్లో బంధువులు రుజువు చూపినవాటికి కంచె వేసి, మిగతావి నవంబరు ఒకటిన చదును చేస్తారు. రాళ్ల మీద ఎర్రరంగుతో నంబర్లు వేయించారు. 88వ నంబరు మా అమ్మమ్మ మజోల్ పిన్హాసోవా కన్నతల్లిది. అమ్మమ్మకు డెబ్బై ఏడేళ్లు. యాభై ఏడేళ్లుగా ప్రతి ఆదివారం ఆ రాయి ఊడ్చి కడుగుతోంది. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు తనకోసం అట్టిపెట్టుకుంది. ఆ చోటు మీద ఇప్పుడు తమ ప్లానులో బస్సులు కడిగే తొట్టి గీసి ఉంది.

2. సెప్టెంబరు 6న అమ్మమ్మను వెంటబెట్టుకొని తమ కార్యాలయానికి వచ్చాను. గుమాస్తా జమీరా గారు మర్యాదగానే కూర్చోబెట్టారు. ఆవిడ మీద నాకు ఫిర్యాదు లేదు. జరిగిన సంభాషణ ఇది:

"పిన్నీ, మీ అమ్మ పేరు చెప్పండి."

"హయా. యోసెఫ్ కూతురు. రాయి మీద చెక్కే ఉందిగా, చదువుకో."

"ఆ లిపి మాకు రాదు పిన్నీ. ఇక్కడ 1931 మరణాల రిజిస్టరులో బులోర్ అని ఉంది, యోసెఫ్ కూతురే. ఈ బులోర్ మీకేమవుతుంది?"

"ఆవిడెవరో నేనెరగను."

"కాస్త ఆలోచించుకుని చెప్పండి. మీ పని కావాలనే అడుగుతున్నా."

"ఎరగనంటే ఎరగనమ్మా. ఆ పేరు గలవాళ్లు మా ఇంట్లో లేరు."

జమీరా గారు నా వంక చూశారు. నేను నోరు తెరిచేలోపే అమ్మమ్మ నా కాలు తొక్కింది. తమ దస్తావేజులో ఇలా ఎక్కింది: "దరఖాస్తుదారే బంధుత్వాన్ని నిరాకరించినది." మనవిచేసుకునేదేమంటే, ఆ వాక్యం అక్షరాలా నిజం, దాని అర్థం మాత్రం పచ్చి అబద్ధం.

3. ఎట్లాగంటే: మావాళ్లలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే పేరు మార్చేస్తారు. మృత్యుదూత పేరు రాసిన చీటీ పట్టుకుని వస్తాడని, ఆ పేరు గల మనిషి ఈ ఇంట్లో లేదంటే వట్టి చేతులతో తిరిగిపోవాలని మా పెద్దల నమ్మకం. 1921లో ఊరంతా టైఫస్ జ్వరం. అప్పుడు బులోర్‌ను హయా చేశారు. హయా అంటే బతికున్నది అని. ఆ రోజు నుంచి పాత పేరు ఎవరూ పలకకూడదు. అమ్మమ్మకు అప్పుడు పదేళ్లు. కాలువ దగ్గర ఎవరో "ఎవరి పిల్లవే" అంటే అలవాటుగా తల్లి పాత పేరు చెప్పింది. వాళ్ల నాన్న అక్కడికక్కడే చెంప వాయగొట్టాడు. తల్లి బతికింది, ఇంకో పదేళ్లు. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం పాత పేరే మిగిలింది, కాగితానికి జ్వరం రాదు గనక.

బస్టాండు దగ్గర కియోస్కులో అమ్మే చిన్న పుస్తకాలు చదివి పెరిగినవాణ్ణి నేను. ఇది మూఢనమ్మకమని వాటిలో రాసి ఉంది, నేనూ అదే అంటాను. కానీ కాగితం పట్టుకుని వచ్చి ఫలానా ఆవిడ ఉందా అని అడిగినవాడికి అమ్మమ్మ తన పదో ఏట నేర్చుకున్న జవాబే తమ కార్యాలయంలోనూ చెప్పింది. తల్లిని కాపాడుకోవడానికి చెప్పిన మాటను తల్లి సమాధి తవ్వడానికి వాడుకుంటున్నారు. ఇంటికొచ్చాక అడిగాను: "పోయినావిడకి ఇంకేం భయం అమ్మమ్మా? ఒక్కసారి అనేసెయ్." "నీకు చదువెక్కువైంది, నోరు మూసుకుని తిను" అంది. ఆమె చేత ఆ పేరు పలికించే అధికారం ఏ కార్యాలయానికీ లేదని ఇందుమూలముగా తెలియజేస్తున్నాను.

4. రుజువు. ప్రార్థనామందిరం చూసుకునే హిజ్కియా తాత దగ్గర సంవత్సరీకాల పుస్తకం ఉంది. మాలో ఏటా పోయిన రోజున పేటవాళ్లను పిలిచి, పులావ్ పెట్టి, పోయినవాళ్ల పేర్లు చదివిస్తారు. ఎవరి పేరిట, ఎవరు పెట్టారు అన్నది అందులో రాస్తారు. 1921 పుటలో: "యోసెఫ్ కూతురు బులోర్ నేటి నుంచి హయా. పాత పేరు పిలవరాదు." 1932 నుంచి ఏటా: "హయా, యోసెఫ్ కూతురు. పెట్టినది కూతురు మజోల్." పుస్తకం పట్టుకుని తాతా నేనూ మళ్లీ వచ్చాం. జమీరా గారు తిరగేసి, "తమ్ముడూ, దీని మీద ముద్ర లేదు, నేనేం చెయ్యను" అన్నారు.

హిజ్కియా తాత అన్నాడు: "ముద్ర లేదు తల్లీ, నిజమే. నూనె మరకలున్నాయి. ఆ పులావ్ తిన్నవాళ్లంతా సాక్షులే. పిలుద్దామంటే అందరూ మీ నంబర్ల కిందే పడుకున్నారు."

గదిలో అందరూ నవ్వారు. జమీరా గారు కూడా. అర్జీ మాత్రం తిరస్కరించారు.

5. అందుచేత నేను చేసిన పని. ఐదు ఆదివారాలు ఆ పుస్తకం, ఒక బ్రష్షు, బకెట్టు నీళ్లు, సెలూన్ చేతి అద్దం పట్టుకుని శ్మశానంలో గడిపాను. అరిగిపోయిన అక్షరాలు ఎదురెండలో కనబడవు. అద్దంతో ఎండను పక్కవాటుగా రాతి మీదికి కొడితే లేచి నిలబడతాయి. రాయి మీద మనిషి పేరు, తండ్రి పేరు తప్ప ఉండదు. పైగా మావాళ్లు మనవడికి తాత పేరు పెడతారు గనక యోసెఫ్ కొడుకు మర్దఖాయ్, మర్దఖాయ్ కొడుకు యోసెఫ్, మళ్లీ యోసెఫ్ కొడుకు మర్దఖాయ్. నేను వారం రోజులు ఒక మర్దఖాయ్‌ని వాడి తాతకే తండ్రిని చేశాను. చివరికి పుస్తకంలో ఉన్న పోయిన తేదీని బట్టి, సంవత్సరీకం పెట్టినవాళ్లను బట్టి ఒక్కొక్కణ్ణీ విడదీశాను. గోడకంటించే కాగితం చుట్ట వెనకవైపు వంశవృక్షం గీశాను. నాలుగు మీటర్లు వచ్చింది. జతపరచడమైనది.

అమ్మమ్మ దాన్ని నేలమీద పరిచి, దాని మీదే మోకాళ్లతో పాకుతూ చూసింది. "ఈ సీపోరో ఇక్కడ కాదురా, అవతలింటి కోడలు. మొగుడితో పడక పుట్టింటివాళ్ల పక్కన పూడ్చమంది. రాసుకో." రాసుకున్నాను.

మా పేటలో మేనమామ కూతుళ్లనీ, చిన్నాన్న కూతుళ్లనీ చేసుకోవడం మామూలు. ఒక దారం లాగితే దుప్పటంతా వస్తుంది. 214లో 205 మంది రక్తం వల్లనో మనువు వల్లనో నాకు చుట్టాలని తేలింది. తొమ్మిది మందిని కలపలేకపోయాను. వాళ్ల రాళ్లు పూర్తిగా అరిగిపోయాయి. వాళ్లనూ నావాళ్లుగానే రాసుకోండి. కాదని రుజువు చేయడం తమ పని.

6. తమ నోటీసు ఏడో పేరాలో "బంధువు దరఖాస్తుపై లిఖితపూర్వక జవాబు ఇచ్చేవరకు ఆ స్థలంలో పని ప్రారంభించరాదు" అని ఉంది. మేమెవ్వరం రాయించింది కాదు, తమరే అచ్చు వేయించారు. కావున 88వ నంబరుకు పునఃపరిశీలన అర్జీగా దీన్ని, మిగతా వాటికి విడివిడిగా 213 దరఖాస్తులను సమర్పించుకుంటున్నాను. ఒకే జవాబు సైక్లోస్టైలు చేయించి పంపితే ఒప్పుకోను. ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, పోయిన తేదీ రాసి, ఆ మనిషికి ఈ నేలలో చోటెందుకు లేదో కారణం చూపాలి. రాతి మీది పేరు ఒకటి, రికార్డులో పేరు ఇంకొకటి అన్నది కారణం కాదు.

7. డిపో వద్దనడం లేదు. బస్సులు మాకూ కావాలి. పడమట జొన్న గోదాముల వెనక తుప్పలు తప్ప ఏమీ లేని ఖాళీ స్థలం ఉంది. అక్కడ ఎవరూ పడుకోలేదు. ఎవరైనా ఉన్నారేమోనని అద్దం పట్టుకుని అదీ చూసి వచ్చాను.

తమరు చిత్తగిస్తే సంతోషం. చిత్తగించకపోతే ఒకటో తేదీన మళ్లీ వ్రాసుకుంటాను, శ్మశానం గేటు దగ్గర కూర్చుని.

ఈ ఒక్క విషయంలో తమకు విధేయుడు కానివాడు,
నేర్యా బొరుఖోవ్

జతపరచినవి: వంశవృక్షం (4 మీటర్లు, దయచేసి మడవకండి, చుట్టండి), దరఖాస్తులు 213, సంవత్సరీకాల పుస్తకానికి చేతివ్రాత నకలు.

తా.క. ఇది నేను రాస్తున్నది కాదు, అమ్మమ్మ రాయమన్నది. ఒకటో తేదీ ఉదయం నుంచి ఆమె ముక్కాలిపీట వేసుకుని 88వ నంబరు దగ్గర కూర్చుంటుందట. బుల్డోజరు నడపడానికి వచ్చే అతని పేరు, అతని తల్లి పేరు ముందుగా తెలియజేయమంటోంది. ఎందుకు అమ్మమ్మా, బెదిరిస్తున్నామనుకుంటారు అంటే, "బెదిరింపేంట్రా? ఎవరి బిడ్డో తెలిస్తే వాడితో నేను మాట్లాడుకుంటా. ఈ ఊళ్లో వాళ్లమ్మ నాకు తెలియని మగాడు లేడు" అంది.