వాగొడ్డు వాయిలి

అత్తమ్మా,

మొన్నటి వానకు ఆకేరు వాగు పొంగి, పక్క చేను ఒడ్డును రెండు సాళ్ల పత్తితో సహా కోసుకుపోయింది. మన ఒడ్డున మట్టిపెళ్ల కూడా కదల్లేదు. నువ్వు నాటిన వాయిలి పొదలు వరదకు వంగి, నీళ్లు తీయగానే మళ్లీ లేచి నిలబడ్డాయి.

ఆ జాగాలో ఇంకో సాలు పత్తి వస్తుందని నీ కొడుకు గొడ్డలి తీసిన ప్రతిసారీ అడ్డం నిలబడ్డావు. బాలింత స్నానానికి తప్ప ఎవరినీ కొమ్మ విరవనిచ్చేదానివి కాదు. నా కాన్పులప్పుడు ఆ ఆకు మరిగించిన నీళ్లే నా నడుం మీద పోశావు.

ఈ పొద్దున పక్క చేను మల్లన్న కొడవలితో వచ్చాడు. తన ఒడ్డున పొదలన్నీ కొట్టేసి పత్తి పెట్టింది ఆయనే.

"చెల్లె, నాటుకుంట. జర నాలుగు కొమ్మలియ్యవా?"

నా నోట నీ మాటే వచ్చింది. "ఎవలు బాలింత, అన్నా?"

ఆయన తెగిన ఒడ్డు చూపించాడు. "గదే. నడుం ఇరిగి పడ్డది."

నువ్వైతే కడుపు నిండా తిట్టి, ఆ తర్వాత ఇచ్చేదానివి. నాకు నీ అంత బాగా తిట్టడం రాదు. మోపెడు కొట్టిచ్చి, వెంట వెళ్లి నాటించాను కూడా.

వంగి వంగి నడుం పట్టేసింది. ఇంటికొచ్చి వాయిలాకు నీళ్లు కాచుకున్నాను. చెంబుతో నేనే పోసుకున్నాను. ఆకు మాత్రం నీదే.